గీజరు పొగగొట్టం సరిగ్గా బిగించారా? ఇల్లు చూసుకునేటప్పుడు చేయాల్సిన తనిఖీ, వరుసక్రమంలో

తిరుపతిలో ఫ్లాటు కొనేవాళ్లూ, చిత్తూరులో అద్దెకు దిగేవాళ్లూ పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది: బాత్రూంలో గ్యాస్ గీజరు ఉంది, దానికో గొట్టం కూడా ఉంది, అది సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

నీళ్లు, కరెంటు, గోడల బీటలు చూసినంత శ్రద్ధగా ఈ గొట్టాన్ని ఎవరూ చూడరు. చూసినా గీజరు ఆపి ఉన్నప్పుడు ఓసారి తలెత్తి చూసి సరే అనుకుంటారు. గొట్టం కంటికి ఎంత చక్కగా కనబడినా, తలుపులన్నీ వేసి గీజరు నడిపి చూస్తే గానీ దాని సంగతి బయటపడదు. అందుకే ఈ తనిఖీలో సగం పని నడిపి చూడడమే. మొత్తం గంటన్నర పడుతుంది. అడ్వాన్సు ఇవ్వకముందే చేయండి.

1. ముందు ఏ రకం గీజరో తేల్చుకోండి

రకాన్ని బట్టే మిగతా తనిఖీ అంతా మారుతుంది. గీజరు పైభాగం చూస్తే చాలు.

- గొట్టం లేని రకం: పైన సన్నటి చీలికలు ఉంటాయి, గుండ్రటి మూతి ఉండదు. మన దగ్గర అమ్ముడుపోయే, నిమిషానికి 6 లీటర్ల నీళ్లు కాచే చిన్న గీజర్లలో చాలా భాగం ఇవే. పొగంతా గదిలోకే వస్తుంది.
- మామూలు పొగగొట్టం రకం: పైన గుండ్రటి మూతి, దాని కింద చుట్టూ తెరుచుకున్న గొడుగు లాంటి భాగం ఉంటాయి. ఫ్యాను ఉండదు. వేడి పొగ తనంతట తాను పైకి లేచే బలం మీదే ఇది పనిచేస్తుంది.
- ఫ్యాను రకం: కరెంటు ప్లగ్గు ఉంటుంది. సన్నటి గొట్టంలోంచి ఫ్యాను పొగను బయటికి తోస్తుంది.
- జంట గొట్టం రకం: గొట్టంలో గొట్టం. లోపలిది 60 మి.మీ., బయటిది 100 మి.మీ. ఉండడం మామూలు. లోపలి దాంట్లో పొగ పోతుంది, బయటి దాంట్లో గాలి వస్తుంది. గదిలో గాలిని ముట్టుకోదు కాబట్టి నాలుగింటిలో ఇదే భద్రమైనది.

మొదటి రకం బాత్రూం లోపల కనబడితే తనిఖీ అక్కడితో ఆపేయండి. దాన్ని బాగుచేయడానికి ఏమీ లేదు. బాల్కనీలోకో గాలి ఆడే వాష్ ఏరియాలోకో మార్చి, వేడినీళ్లను మాత్రం పైపులో బాత్రూంకి తెచ్చుకోవాలి. ఓనరు 'వెంటిలేటర్ ఉంది కదా' అంటారు. డిసెంబరు చలిలో ఆ వెంటిలేటర్‌కి అట్టముక్క అడ్డం పెట్టని ఇల్లు తక్కువ.

గీజరు మీద ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ 15558 అన్న నంబరు ఉన్నాయేమో కూడా చూడండి. ఎల్‌పీజీతో నడిచే చిన్న గీజర్లకు మన దేశపు ప్రమాణం అదే.

2. వెంట తీసుకెళ్లాల్సినవి

- టార్చి, చిన్న అద్దం, కొలతటేపు
- మట్టం చూసే యాప్ ఉన్న ఫోను
- సబ్బునీళ్లు, పాత బ్రష్షు
- అగరుబత్తీలు, అగ్గిపెట్టె
- ఏ4 కాగితం ఒకటి
- బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ (మంట సరిగ్గా కాలనప్పుడు పుట్టే విషవాయువు) అలారం
- తోడు ఒక మనిషి

అలారం కొనేటప్పుడు పొరపాటు పడకండి. వంటింట్లో పెట్టే గ్యాస్ లీకు అలారం వేరు, ఇది వేరు. ఎల్‌పీజీ గాలికంటే బరువు కాబట్టి లీకు అలారాన్ని నేలకు దగ్గరగా పెడతారు. కార్బన్ మోనాక్సైడ్ గాలిలో కలిసిపోతుంది కాబట్టి దీన్ని మనిషి ముక్కు ఎత్తులోనో ఇంకాస్త పైనో పెట్టాలి. డబ్బా మీద ఈఎన్ 50291 (ఐరోపా ప్రమాణం) అని ఉన్నది తీసుకోండి. అంకెలు చూపించే రకమైతే తనిఖీకి బాగా పనికొస్తుంది. ఆ ప్రమాణంలో అలారం 50 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో 50 వంతులు) దగ్గర గంట నుంచి గంటన్నర లోపు, 300 పీపీఎం దగ్గర 3 నిమిషాల్లోపు మోగుతుంది. మోత కోసం ఎదురుచూడకుండా అంకె పెరుగుతోందా అన్నది చూసుకోవచ్చు.

3. ముందు గ్యాస్ లీకు, ఆ తర్వాతే అగ్గిపుల్ల

రెగ్యులేటర్, రబ్బరు ట్యూబు, గీజరు కింది నట్టు, ఈ మూడు చోట్లా సబ్బునీళ్లు రాయండి. గ్యాసు తెరిచి ఒక నిమిషం చూడండి. బుడగ లేస్తే ఆ రోజుకు తనిఖీ లేదు. సిలిండరు ఆపి, కిటికీలు తెరిచి, స్విచ్చులు ముట్టుకోకుండా బయటికి వచ్చేయండి. ఎల్‌పీజీ లీకుకు సహాయ నంబరు 1906.

4. ఆపి ఉన్నప్పుడు: గొట్టాన్ని మొదలు నుంచి చివరిదాకా వెంబడించండి

గీజరు మూతి దగ్గర మొదలుపెట్టి, బయట గాలిలోకి తెరుచుకునే చోటుదాకా ప్రతి అడుగూ కంటితో చూడాలి. ఫాల్స్ సీలింగ్‌లోకి దూరి మాయమైపోతే పలక తీయించండి. సీలింగ్ పైనే గొట్టం ఆగిపోయి, పొగంతా అక్కడే తిరుగుతుండొచ్చు.

దేనితో చేసింది? జీఐ (జింకు పూత ఇనుము), స్టీలు, అల్యూమినియం సరే. పీవీసీ అయితే తనిఖీలో తప్పినట్టే. పొగ 150 డిగ్రీల చుట్టుపక్కల వేడితో వస్తుంది. పీవీసీ 60 డిగ్రీలు దాటితే పనికిరాదు, 80కి వచ్చేసరికి మెత్తబడి వంగిపోతుంది. డ్రైనేజీ పైపు ముక్క మిగిలింది కదా అని ప్లంబరు అదే తగిలించడం తరచూ కనబడే తప్పు.

సైజు: గీజరు మూతి ఎంత ఉందో గొట్టమూ చివరిదాకా అంతే ఉండాలి. మధ్యలో ఎక్కడా సన్నబడకూడదు. 4 అంగుళాల మూతికి 3 అంగుళాల గొట్టం తగిలిస్తే దారి దాదాపు సగానికి పడిపోతుంది.

నిలువు: మామూలు రకంలో గీజరు మూతి నుంచి మొదటి ఎల్బోదాకా కనీసం 30 సెం.మీ. నిటారుగా లేవాలి. పొగ ఊపందుకునేది ఆ అడుగులోనే. మూతి మీదే ఎల్బో తగిలించి గోడలోకి తిప్పేస్తే పొగ వెనక్కి తంతుంది.

వాలు: మామూలు రకంలో అడ్డంగా పోయే భాగం బయటివైపుకు పైకి లేస్తూ ఉండాలి, మీటరుకు 2 సెం.మీ. చొప్పున. ఫోను మట్టం పెట్టి చూడండి. ఫ్యాను రకం, జంట గొట్టం రకం చాలావాటిలో ఇందుకు ఎదురు: వాన నీళ్లు లోపలికి రాకుండా బయటివైపుకు కొంచెం కిందికి వాలాలి. ఆ రెండింటికీ కంపెనీ పుస్తకంలో ఉన్న బొమ్మే ప్రమాణం. ఓనరు దగ్గర పుస్తకం లేకపోతే మోడల్ నంబరుతో నెట్‌లో దొరుకుతుంది.

అడ్డం పొడవు: మామూలు రకంలో అడ్డంగా పోయేది నిలువు ఎత్తులో ముప్పాతిక వంతు దాటకూడదు.

జాయింట్లు: ప్రతి జాయింటుకూ 3 స్క్రూలు ఉండాలి. గ్యాస్ గీజరు పొగగొట్టంలో నొక్కులు పెట్టి సన్నం చేసిన చివర పొగ పోయే దిక్కుకు చూడాలి. ఎం-సీల్, గుడ్డ టేపు, కరెంటు టేపు వేడికి నిలవవు. అల్యూమినియం రేకు టేపో, ఎక్కువ వేడికి ఓర్చే సిలికానో ఉండాలి.

పట్టీలు: నాలుగైదు అడుగులకొక క్లాంపు. చేత్తో కదిపి చూడండి, గొట్టం ఊగకూడదు.

గోడ కన్నం: గొట్టం చుట్టూ నేరుగా సిమెంటు పూసేస్తే వేడికి సాగినప్పుడల్లా సిమెంటు చిట్లుతుంది, గొట్టం నలుగుతుంది. కన్నంలో ముందు కాస్త పెద్ద సైజు లోహపు గొట్టం దించి, అందులోంచి దీన్ని పంపాలి. చెక్క వెంటిలేటర్ చట్రం, ప్లాస్టిక్ రెక్కలు, పీవీసీ సీలింగ్ లాంటివి ఒంటిపొర గొట్టానికి 6 అంగుళాల దూరంలో ఉండాలి.

ఇక మరకలు. టార్చి వేసి గొడుగు భాగం చుట్టూ, గీజరు ముందు రేకు మీద, పైన సీలింగ్ మీద నిదానంగా చూడండి. నల్లటి మసి కనబడితే పొగ లోపలికి తన్నుతోందనే అర్థం. మసి లేకపోయినా సీలింగ్ సున్నం పొరలుగా లేస్తే, గొడుగు అంచున తుప్పు పొడి రాలితే, అదీ అదే కథ కావచ్చు. పొగలో నీటి ఆవిరి బాగా ఉంటుంది. అది బయటికి పోకుండా చల్లటి రేకు మీద నీరై, తుప్పు పట్టిస్తుంది. కొత్తగా రంగు వేసిన ఇంట్లో గోడ మీద ఈ గుర్తులు కనబడవు, కాబట్టి గీజరు వెనక, రంగు బ్రష్షు అందని చోట చూడండి.

5. బయటి మూతి

మిద్దె మీదికి గానీ ఎదురింటి మెట్ల మీదికి గానీ వెళ్లి చూడాలి. కింద నుంచి చూస్తే తెలియదు.

- మూతికి టోపీ ఉందా? అక్టోబరు నుంచి డిసెంబరుదాకా బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే వానకు గాలి తోడవుతుంది. టోపీ లేని గొట్టంలోకి నీళ్లు నేరుగా దిగి బర్నరును తుప్పు పట్టిస్తాయి.
- పావురాల గూడు ఉందా? జాలీ ఉంటే దాని కన్నాలు మరీ సన్నగా ఉండకూడదు, మసితో పూడిపోతాయి.
- కొండకు దగ్గరగా, అలిపిరి, కపిలతీర్థం చుట్టుపక్కల వీధుల్లో కోతులు టోపీలు ఊడబీకుతాయి, గొట్టాన్ని వంచేస్తాయి. అక్కడ పట్టీలు రెట్టింపు వేయించాలి.
- పొగ ఎవరి కిటికీలోకి పోతోంది? ఫ్యాను రకానికి అమెరికా ఇళ్ల తనిఖీదారులు చూసే లెక్క మనకూ పనికొస్తుంది: మూతి కిటికీకి పక్కన, కింద అయితే 4 అడుగులు, పైన అయితే 1 అడుగు దూరం.
- అపార్టుమెంటు షాఫ్టులోకి వదిలారా? అయితే మిద్దె ఎక్కి షాఫ్టు పైభాగం చూడండి. వాన పడకుండా రేకు కప్పేసి ఉంటే కింది ఫ్లాటు పొగ పై ఫ్లాటు బాత్రూంలో తేలుతుంది.

మామూలు రకం గొట్టం నిలువుగా లేవకుండా వెంటిలేటర్ రెక్కల్లోంచి అడ్డంగా బయటికి చూస్తుంటే, మిగతావన్నీ బాగున్నా సరే, దాన్ని తప్పు కిందే రాసుకోండి. ఎదురుగాలి వీచిన ప్రతిసారీ పొగ వెనక్కి వస్తుంది.

6. గాలి లోపలికి ఎటునుంచి వస్తుంది?

పొగ పోయే దారి గురించి అందరూ అడుగుతారు గానీ గాలి వచ్చే దారి గురించి అడిగేవాళ్లు అరుదు. గాలి లోపలికి రాకపోతే పొగ బయటికి పోదు.

ఒక్కసారి లెక్క వేయండి. 6 లీటర్ల గీజరు 12 కిలోవాట్ల చుట్టుపక్కల ఉంటుంది. గంటకు సుమారు 0.9 కిలోల ఎల్‌పీజీ కాలుస్తుంది. కిలో ఎల్‌పీజీ పూర్తిగా కాలడానికి దాదాపు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. అంటే గంటకు 11 ఘనపు మీటర్లు. వెడల్పు 5 అడుగులు, పొడవు 7 అడుగులు, ఎత్తు 9 అడుగులు ఉన్న బాత్రూంలో ఉన్న గాలి మొత్తం 9 ఘనపు మీటర్లే. 20 నిమిషాల స్నానంలో గీజరు ఆ గాలిలో మూడో వంతుకు పైగా వాడేస్తుంది. గాలిలో ప్రాణవాయువు తగ్గేకొద్దీ మంట సగం సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. సిలిండరు వాసన గ్యాసులో కలిపిన మందుది, అది మంటలో కాలిపోతుంది. 'వాసనేం రాలేదు' అన్న మాట ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

అమెరికా లెక్క ప్రకారం గది గాలితోనే మండే పరికరానికి గంటకు ప్రతి 1,000 బీటీయూల (వేడిని కొలిచే యూనిట్) వేడికి 50 ఘనపుటడుగుల గది ఉండాలి. 12 కిలోవాట్లంటే గంటకు సుమారు 41,000 బీటీయూలు. అంటే 2,050 ఘనపుటడుగులు, ఇంచుమించు 15 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉన్న హాలు. మన బాత్రూం 315.

కాబట్టి గొట్టం ఉన్న మామూలు రకానికైనా బయటికి నేరుగా తెరుచుకునే రెండు కన్నాలు కావాలి, ఒకటి పైన, ఒకటి నేలకు దగ్గరగా. జాలీలూ రెక్కలూ కొంత దారి తినేస్తాయి కాబట్టి ఒక్కోటి 6 అంగుళాలకు 4 అంగుళాలు ఉంటే నిశ్చింత. కిందిది ఇంకో మేలు చేస్తుంది: లీకైన ఎల్‌పీజీ కిందికే దిగుతుంది, దానికి పోయే దారి దొరుకుతుంది. కన్నాలకు మూసే తలుపు ఉండకూడదు.

మామూలు రకం గీజరును బాత్రూంలో పెట్టడమే మాకు ఇష్టం లేదు. బాత్రూంలోనే కావాలంటే జంట గొట్టం రకానికి మారడం మంచిది.

7. నడిపి చూడడం

గొడుగు భాగం ఉన్న మామూలు రకానికి ఈ పరీక్ష. ఇంట్లో గాలికి అన్నిటికంటే ఇబ్బందైన పరిస్థితిని మనమే కల్పించి చూస్తాం.

1. అలారం ఆన్ చేసి బాత్రూంలో ముక్కు ఎత్తులో వేలాడదీయండి. తోడు వచ్చిన మనిషి బయటే ఉండాలి.
2. ఇంటి కిటికీలు, తలుపులు అన్నీ మూయండి.
3. ఎగ్జాస్టు ఫ్యాన్లు, వంటింటి చిమ్నీ అన్నీ పూర్తి వేగంలో పెట్టండి.
4. వేడినీళ్ల కొళాయి పూర్తిగా తిప్పి, బాత్రూం తలుపు వేసి, మీరు బయట నిలబడండి. 5 నిమిషాలు.
5. లోపలికి వెళ్లగానే ముందు అలారం అంకె చూడండి. సున్నా ఉంటేనే ముందుకు.
6. వెలిగించిన అగరుబత్తిని గొడుగు అంచుకు 2 అంగుళాల దూరంలో పట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పండి.
7. చిన్న అద్దాన్ని అదే అంచు దగ్గర ఒక్క క్షణం పెట్టి తీయండి.

అగరు పొగ తీగలా సాగి గొడుగులోకి పోతే గొట్టం లాగుతోందన్న మాట. పొగ అటూ ఇటూ తచ్చాడితే లాగుడు చాలడం లేదు. మీ వైపుకే తన్నితే, అద్దం మీద మసక పేరుకుంటే, గీజరు పొగ గదిలోకే వస్తోంది. చుట్టూ తిప్పడం మానకండి, ముందువైపు లాగుతూ వెనకవైపు తన్నే గొట్టాలు ఉంటాయి.

తప్పితే ఎగ్జాస్టు, చిమ్నీ ఆపి, గది గాలి ఆడనిచ్చి, మళ్లీ చేయండి. ఈసారి సరిగ్గా లాగితే దోషం గొట్టానిది కాదు. గంటకు 1,000 ఘనపు మీటర్లకు పైగా లాగుతుందని రాసి ఉన్న వంటింటి చిమ్నీ, మూసిన ఇంట్లో గాలి కోసం గీజరు గొట్టంలోంచే లాక్కుంటుంది. అప్పుడు వంటింటికి గాలి వచ్చే దారి పెట్టాలి. రెండోసారీ తప్పితే గొట్టం గానీ, బయటి మూతి గానీ, గీజరులో నీళ్లను వేడిచేసే రేకులు గానీ పూడుకుని ఉండొచ్చు.

మంట రంగు కూడా చూడండి. నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు నాలుకలు లేస్తే బర్నరు సర్వీసు కావాలి. నీలంగా ఉన్నంత మాత్రాన భరోసా లేదు, మొదట్లో మంట నీలంగానే ఉండొచ్చు.

అలారం అంకె కదిలినా, తల నొప్పి గానీ తిప్పు గానీ వికారం గానీ అనిపించినా కొళాయి ఆపి, తలుపులు తెరిచి బయటికి రండి. ఎవరైనా తూలి పడితే 108కి ఫోను చేసి, 'గ్యాస్ గీజరు పొగ పట్టింది' అని స్పష్టంగా చెప్పండి. డాక్టరుకు ఆ ఒక్క మాట చాలా ముఖ్యం.

8. వంటింటి చిమ్నీ గొట్టం

ఇక్కడ ప్రాణభయం తక్కువ, డబ్బు నష్టం ఎక్కువ.

- కన్నం 6 అంగుళాలు ఉందా? బిల్డరు 4 అంగుళాలే పెడితే దారి సగంకంటే తక్కువ: 28 చదరపు అంగుళాలకు బదులు 12న్నర. మోత పెరుగుతుంది, పొగ పోదు.
- అకార్డియన్‌లా సాగే గొట్టాన్ని బిగుతుగా లాగి బిగించారా? వేలాడితే ఆ పొట్టలో నూనె చేరుతుంది. తిరగమోత మంట ఎగిరి అంటుకునేది ఆ నూనెకే.
- ఎల్బోలు రెండుకు మించాయా?
- స్టవ్వు నుంచి చిమ్నీకి 65–75 సెం.మీ. ఉందా?
- ఏ4 కాగితం ఫిల్టరుకు అతుక్కుని నిలుస్తుందా?
- గీజరు గొట్టాన్ని తెచ్చి ఇందులో కలిపారా? కలిపితే వెంటనే విడదీయించాలి. చిమ్నీ ఆపి ఉన్నప్పుడు గీజరు పొగ వంటింట్లోకి దిగుతుంది.

9. కట్టెల పొయ్యి ఉన్న ఇల్లయితే

పలమనేరు, కుప్పం వైపు పల్లెల్లో, తోట ఇళ్లలో నీళ్లు కాచుకునే పొయ్యికి రేకు గొట్టం పెట్టుకుంటారు. ఇందులో జాయింటు లెక్క తిరగబడుతుంది: పై గొట్టం కింది గొట్టం లోపలికి దూరాలి. అప్పుడే తారులాంటి నల్లటి జిడ్డు గొట్టం లోపలే పొయ్యిలోకి జారుతుంది, బయట గోడ మీదికి కారదు.

ఒంటిపొర గొట్టానికి తాటి దూలాలు, వాసాలు, కప్పు గడ్డి 18 అంగుళాల దూరంలో ఉండాలి. గొట్టం కప్పు దాటిన చోటి నుంచి 3 అడుగులు లేవాలి, 10 అడుగుల లోపు ఉన్న ఏ గోడకన్నా, కప్పుకన్నా 2 అడుగులు ఎత్తుండాలి. లోపల మసి పొర 3 మి.మీ. దాటితే దులిపించాలి.

బూడిద రంగు పాత సిమెంటు గొట్టం కనబడితే అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. కోయొద్దు, కన్నం వేయొద్దు, పగలగొట్టొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. బీటలు ఉంటే వాడకం ఆపి, తడిపి, ముక్కలు కాకుండా దింపించాలి.

10. ఓనరుకు ఇచ్చే కాగితం

దొరికినవన్నీ రెండు వరుసల్లో రాయండి.

*గీజరు వాడకం వెంటనే ఆపాల్సినవి:* బాత్రూంలో గొట్టం లేని గీజరు, పీవీసీ గొట్టం, అగరుబత్తి పరీక్షలో తప్పడం, అలారం అంకె కదలడం, సీలింగ్ పైనో మూసిన షాఫ్టులోనో ముగిసే గొట్టం, గాలికి కన్నాలు లేకపోవడం.

*దిగేలోపు చేయించాల్సినవి:* వదులు క్లాంపులు, టోపీ, స్క్రూలు, వాలు సరిచేయడం, గోడ కన్నంలో లోహపు గొట్టం, బర్నరు సర్వీసు.

ఒక్కోదానికి ఫోటో జతచేసి, ఎవరు చేయించాలో అద్దె ఒప్పందంలోనే ఒక వాక్యం రాయించుకోండి. గ్యాసు ముట్టుకునే పని ప్లంబరుతో కాకుండా గీజరు కంపెనీ మెకానిక్‌తో చేయించమని కూడా అందులోనే ఉండాలి. పని అయ్యాక 7వ పరీక్ష మొదటి నుంచి మళ్లీ చేయాలి, బిల్లు చూసి ఒప్పుకోవద్దు.

ఇంట్లో దిగాక ఏడాదికి రెండుసార్లు ఈ పరీక్ష సరిపోతుంది. ఒకటి చలి మొదలయ్యేముందు, రెండోది జనవరిలో, వానలకు తుప్పు పట్టిన జాయింట్లు బయటపడే సమయంలో. కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక గడువు తేదీ ఉంటుంది, అది దాటితే పచ్చలైటు వెలుగుతున్నా మార్చేయండి.